లెక్క ముందే చెబుదాం, అంతా చూపిద్దాం
మనస్తత్వశాస్త్ర, న్యూరోసైన్స్ పరిశోధనల్లో గణాంక నిజాయితీ కోసం ఉద్యమ ప్రణాళిక

మనిషి మనసు గురించీ మెదడు గురించీ శాస్త్రం పేరుతో ఎవరు ఏ మాట చెప్పినా, ఆ మాట వెనకున్న లెక్క మొత్తం అడిగే హక్కు వినేవాళ్ళకు ఉంది. ఎంతమందిని పరీక్షించారు, ఏం కొలిచారు, ఎన్ని రకాలుగా లెక్కవేశారు, వాటిలో ఎన్ని ఫలితాలు బయటపెట్టారు, ఎన్ని బీరువాలో ఉంచేశారు? ఈ ప్రశ్నలకు జవాబివ్వని పరిశోధన ఎంత పేరున్న పత్రికలో అచ్చయినా మేము దాన్ని రుజువుగా అంగీకరించం. మా ప్రణాళిక సారాంశం ఇదే.

మేము సైకాలజీ, న్యూరోసైన్స్, మానసిక వైద్యం, గణాంకశాస్త్రం చదువుకుంటున్న, చెబుతున్న, పరిశోధిస్తున్న తెలుగువాళ్ళం. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్ళతోపాటు దేశంలోని ఇతర సంస్థల్లోనూ విదేశీ ప్రయోగశాలల్లోనూ పనిచేస్తున్నవాళ్ళూ మాలో ఉన్నారు. మేమంతా ఒక మాట మీద నిలబడి ఈ ఉద్యమాన్ని ప్రారంభిస్తున్నాం.

ఈ ఉద్యమం ఎందుకు

2011లో కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డారిల్ బెమ్, జరగబోయే సంగతుల ప్రభావం మనిషి మీద ముందే పడుతుందని వాదిస్తూ ‘జర్నల్ ఆఫ్ పర్సనాలిటీ అండ్ సోషల్ సైకాలజీ’లో ఒక వ్యాసం ప్రచురించారు. మొత్తం 9 ప్రయోగాలు, పాల్గొన్నవాళ్ళు వెయ్యి మందికి పైనే. 8 ప్రయోగాల్లో సిగ్నిఫికెంట్ (గణాంకపరంగా చెప్పుకోదగ్గ) ఫలితం వచ్చింది. మరుసటి ఏడాది మరో బృందం 7 ప్రయోగాల్లో 3 వేల మందికి పైగా పరీక్షిస్తే ఆ ప్రభావం కనబడలేదు. బెమ్ వాడిన పద్ధతులు ఆ రంగంలో అందరూ రోజూ వాడుతున్నవే. ఆ పద్ధతులతో భవిష్యత్ జ్ఞానాన్ని కూడా నిరూపించగలిగితే, అవే పద్ధతులతో నిరూపించిన మిగతా సంగతులను దేని ఆధారంగా నమ్మాలి? ఈ ప్రశ్న అప్పుడు పుట్టింది. ఇప్పటికీ మన ముందు నిలబడే ఉంది.

2011లోనే సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు దీనికి జవాబు వెతికారు. ఒక బీటిల్స్ పాట విన్న విద్యార్థుల వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గినట్టు, అసలైన డేటాతోనే, మామూలు గణాంక పరీక్షతోనే చూపించారు. ఎవరి వయసూ పాటతో తగ్గదని అందరికీ తెలుసు కాబట్టే ఆ ఉదాహరణ తీసుకున్నారు. రెండు కొలతలు తీసుకుని కలిసొచ్చినదాన్ని చెప్పడం, ఫలితం రాకపోతే ఇంకో పదిమందిని చేర్చడం, ఒక గుంపును వదిలేయడం, లింగభేదాన్ని లెక్కలోకి తెచ్చి చూడడం – విడివిడిగా చూస్తే ఇవి తప్పుగా తోచవు. నాలుగూ కలిస్తే మాత్రం 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాల అవకాశం 61 శాతానికి చేరుతుందని వాళ్ళు లెక్కగట్టారు.

2015లో బ్రయన్ నోసెక్ చొరవతో ఏర్పడిన పెద్ద బృందం సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్ళీ చేసి చూసి, ఫలితాలను ‘సైన్స్’లో ప్రచురించింది. మూల అధ్యయనాల్లో 97 శాతం సిగ్నిఫికెంట్. మళ్ళీ చేసినప్పుడు 36 శాతం మాత్రమే. ప్రభావాల పరిమాణం సగటున సగానికి పడిపోయింది.

వీటన్నిటి వెనకా మోసం ఉందని మేము అనడం లేదు. మోసగాళ్ళు తక్కువమంది. నిజాయితీగా పనిచేసే పరిశోధకుణ్ణి కూడా తనకు తెలియకుండానే తప్పుడు ముగింపుకు చేర్చే అలవాట్లు ఎక్కువ. ఆ అలవాట్లనే మార్చాలంటున్నాం.

0.05 ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మన విభాగాల్లో డేటా లెక్కకు వచ్చిన రోజున వినిపించే మొదటి ప్రశ్న ‘సిగ్నిఫికెంట్ వచ్చిందా?’ రాకపోతే ఇంకో పరీక్ష పెట్టి చూడమంటారు. ఈ ప్రశ్నలోనే జబ్బు ఉంది.

ఫలితాన్ని సిగ్నిఫికెంట్ అనాలంటే దాని పి-విలువ 0.05 లోపు ఉండాలంటారు. కానీ పి-విలువ చెప్పే సంగతి చాలా పరిమితమైనది. అసలు తేడా ఏమీ లేదనుకుంటే, మన డేటాలో కనిపించినంత తేడా గానీ అంతకన్నా పెద్దది గానీ యాదృచ్ఛికంగా ఎదురయ్యే సంభావ్యత ఎంతో చెబుతుంది. మన పరికల్పన నిజమయ్యే అవకాశం ఎంతో చెప్పదు. ప్రభావం పెద్దదో చిన్నదో, రోగికి ఉపయోగపడుతుందో లేదో చెప్పదు. 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ఈ హద్దులను ఆరు సూత్రాలుగా ప్రకటించాల్సి వచ్చిందంటే అపార్థం ఎంత లోతుగా పాతుకుపోయిందో అర్థమవుతుంది. 1925 నాటి తన పుస్తకంతో 0.05 హద్దును వాడుకలోకి తెచ్చిన రోనాల్డ్ ఫిషర్ కూడా ఒక్క ప్రయోగంతో తృప్తిపడమనలేదు. చక్కగా రూపొందించిన ప్రయోగం మళ్ళీ మళ్ళీ అదే ఫలితాన్ని ఇచ్చినప్పుడే దాన్ని స్థిరపడిన సత్యంగా తీసుకోవాలన్నది ఆయన అభిప్రాయం.

పైగా, ఎన్ని పరీక్షలు చేశామో చెప్పనప్పుడు ఆ పరిమితమైన అర్థం కూడా పి-విలువకు మిగలదు. 10 ఉపవిభాగాలున్న ప్రశ్నావళిని ఒకసారి ఆడ-మగ తేడాకు, ఇంకోసారి పల్లె-పట్నం తేడాకు లెక్కవేస్తే అప్పుడే 20 పరీక్షలు. ఏ తేడా లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షల్లో కనీసం ఒకటి 0.05 లోపు పడే అవకాశం 64 శాతం. ఆ ఒక్కటీ పట్టుకుని, మొదటినుంచీ దాన్నే ఊహించినట్టు థీసిస్ మొదటి అధ్యాయంలో పరికల్పన రాసుకోవడం, జవాబు రాశాక దానికి సరిపడే ప్రశ్నపత్రం తయారుచేసుకోవడం లాంటిది.

చిన్న శాంపిల్ చేసే కీడు

ఈ గుంపులో 30 మంది, ఆ గుంపులో 30 మంది. మన దగ్గర లెక్కలేనన్ని పరిశోధనలు ఈ కొలతకే కట్టుబడ్డాయి. ఎందుకు 30 అంటే గైడ్ చెప్పారనో, సీనియర్ అలా చేశారనో జవాబు. మధ్యస్థమైన ప్రభావం, అంటే రెండు సగటుల మధ్య అర ప్రామాణిక విచలనం తేడా నిజంగానే ఉన్నచోట కూడా, 30-30 శాంపిల్ దాన్ని పట్టుకునే అవకాశం 48 శాతం మాత్రమే. 80 శాతం కావాలంటే గుంపుకు 64 మంది కావాలి. చిన్న ప్రభావం, అంటే 0.2 విచలనం అయితే గుంపుకు 390 దాటాలి.

ఇది కొత్త సంగతి కాదు. జేకబ్ కోహెన్ 1962లోనే ఒక ప్రముఖ పత్రికలోని అధ్యయనాలను పరిశీలించి, మధ్యస్థ ప్రభావాలను పట్టుకునే శక్తి వాటికి సగటున సగం కూడా లేదని చూపారు. 1989లో సెడ్ల్‌మయర్, గిగెరెంజర్ మళ్ళీ చూస్తే పరిస్థితి మెరుగుపడలేదు. 2013లో కేథరిన్ బటన్ బృందం న్యూరోసైన్స్ అధ్యయనాలకు లెక్కగట్టిన మధ్యగత శక్తి 21 శాతం.

శక్తి లేని అధ్యయనం ఉన్నదాన్ని చూడలేకపోవడంతో ఆగదు. చిన్న శాంపిల్‌లో పి-విలువ 0.05 లోపు పడాలంటే కనబడే తేడా చాలా పెద్దదై ఉండాలి. కాబట్టి అలా పడి అచ్చైన ఫలితాలు అసలుకన్నా ప్రభావాన్ని పెంచి చూపిస్తాయి. ఆ పెంచిన అంకెను నమ్మి తర్వాతివాళ్ళు ఇంకా చిన్న శాంపిల్ తీసుకుంటారు.

ఇక్కడ మన వారసత్వం గుర్తుచేయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ, డేటాలో ఉన్న సమాచారం ఇంత అయితే దాని నుంచి వేసే నిష్పాక్షిక అంచనాకు ఇంతకు మించిన ఖచ్చితత్వం రాదని గణితంగా నిరూపించారు. క్రామర్–రావు హద్దుగా ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదువుతున్నది అదే. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక పురస్కారం దక్కింది. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన పేరు చెప్పుకుని గర్వపడే మనం, ఆయన చూపిన హద్దును మన థీసిసుల్లో గౌరవించాలి. తక్కువ సమాచారం నుంచి ఎక్కువ నిశ్చయం ఎవరూ తీయలేరు.

తేడాను పరీక్షించకుండా తేడా ఉందనడం

ఒక నమూనా చూడండి. యోగా చేసిన గుంపులో ఆందోళన స్కోరు తగ్గింది, పి 0.03. చేయని గుంపులోనూ కొంత తగ్గింది, పి 0.09. కాబట్టి యోగా పనిచేసిందని ముగింపు. ఇది చెల్లదు. ఒకటి 0.05 హద్దు లోపు పడడం, ఇంకొకటి పడకపోవడం రెంటి మధ్యా తేడా ఉందనడానికి రుజువు కాదు. రెండు గుంపుల్లో వచ్చిన మార్పులనే నేరుగా పోల్చాలి. 2011లో నియువెన్‌హౌస్ బృందం న్యూరోసైన్స్ పత్రికల్లోని 513 వ్యాసాలను పరిశీలిస్తే, ఈ తప్పుకు అవకాశం ఉన్నవి 157 తేలాయి. వాటిలో 79 ఆ తప్పు చేశాయి. ప్రపంచంలోనే పెద్ద పత్రికల్లో సగం మంది చేసిన తప్పును మన పీహెచ్.డీ. విద్యార్థులకు ముందే నేర్పి ఆపగలం. ఒక్క తరగతి చాలు.

మెదడు చిత్రాల సంగతి

ఎఫ్ఎంఆర్ఐ చిత్రంలో రంగులతో వెలిగే చోట్లను చూసి మెదడు లోపలి నిజం కళ్ళకు కట్టిందనుకుంటాం. ఆ రంగు ఒక గణాంక నిర్ణయం. మెదడు చిత్రాన్ని వాక్సెల్స్ అనే చిన్న ఘనాలుగా విడగొట్టి, ఒక్కోదానికీ ఒక్కో పరీక్ష చేస్తారు. లక్ష వాక్సెల్స్‌లో 0.001 హద్దు పెట్టినా, ఏమీ లేకుండానే వంద దాకా వెలుగుతాయి. 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం చచ్చిపోయిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపిస్తూ మామూలు పద్ధతిలో లెక్కవేసింది. చేప మెదడులో స్పందన కనిపించింది. బహుళ పరీక్షలకు సవరణ చేయగానే మాయమైంది. అదే ఏడాది ఎడ్వర్డ్ వుల్ బృందం ఇంకో లోపం ఎత్తిచూపింది. డేటాలో ఎక్కువ సహసంబంధం ఉన్న వాక్సెల్స్‌ను ఏరుకుని, అదే డేటాలో వాటి సహసంబంధం ఎంతో ప్రకటిస్తే అంకె ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది.

2020లో ‘నేచర్’లో వచ్చిన అధ్యయనంలో 108 మంది స్కాన్ డేటాను 70 బృందాలకు ఇచ్చి, అవే 9 పరికల్పనలను పరీక్షించమన్నారు. ఏ రెండు బృందాలూ ఒకే దారిలో లెక్కవేయలేదు. కొన్ని పరికల్పనలపై తీర్పులు ఎదురెదురుగా వచ్చాయి. 2022లో అదే పత్రికలో మారెక్ బృందం, మెదడు నిర్మాణానికీ మనిషి ప్రవర్తనకూ ఉన్న సంబంధాలను నమ్మదగ్గట్టు కొలవాలంటే వేలమంది కావాలని చూపించింది. అప్పటిదాకా రంగంలో మామూలు శాంపిల్ పాతిక మంది చుట్టూ తిరిగేది.

ఈ లెక్కలు ప్రయోగశాల గోడల మధ్యే ఉండిపోతే నష్టం తక్కువే. కానీ బజారులో మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ పేరుతో, వేలిముద్రల్లో తెలివి కొలిచే పరీక్షల పేరుతో తల్లిదండ్రుల నుంచి డబ్బు గుంజుతున్నారు. న్యూరోసైన్స్ అన్న మాటకున్న పరువే వాళ్ళ పెట్టుబడి. హాస్టల్లో కుంగిపోతున్న ఇంటర్ విద్యార్థికి ఏ కౌన్సెలింగ్ నిజంగా సాయపడుతుందో, చదవడంలో వెనకబడ్డ పిల్లకు ఏ శిక్షణ పనిచేస్తుందో చెప్పాల్సిన బాధ్యత మనది. మన లెక్క వదులుగా ఉంటే ఆ ఖాళీలోకి వ్యాపారం వస్తుంది.

విశాఖ నుంచి ఒక పాఠం

అతీంద్రియ శక్తుల మీద విశ్వవిద్యాలయ స్థాయిలో పరిశోధన చేసిన చోటు మన నేల మీదే ఉంది. అమెరికాలో పారాసైకాలజిస్టు జె.బి. రైన్‌తో కలిసి పనిచేసిన కోనేరు రామకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ విభాగాన్ని నెలకొల్పారు. ఆ రంగం ముగింపులతో మేము ఏకీభవించం. కానీ తీవ్రమైన విమర్శ మధ్య బతకాల్సి రావడం వల్ల అది పద్ధతుల విషయంలో కొన్నిచోట్ల మిగతావాళ్ళకన్నా ముందే మేల్కొంది. శూన్య ఫలితాలను తొక్కిపెట్టకూడదని పారాసైకాలజిస్టుల అంతర్జాతీయ సంఘం 1975లోనే విధానం పెట్టుకుంది. మార్టిన్ జాన్సన్ 1970ల మధ్యలో మొదలుపెట్టిన వాళ్ళ యూరోపియన్ పత్రిక, డేటా రాకముందే ప్రయోగ ప్రణాళికను నమోదుచేయమని పరిశోధకులను ప్రోత్సహించింది. ప్రధాన స్రవంతిలో అదే ఆలోచన, ఫలితం రాకముందే ప్రణాళికను చూసి ప్రచురణకు ఒప్పుకునే రిజిస్టర్డ్ రిపోర్టుల రూపంలో ‘కార్టెక్స్’ పత్రికకు చేరింది 2013లో. అనుమానించేవాడి ముందు నిలబడగలిగేలా పనిచేయడం ప్రతి పరిశోధకుడికీ విధి. ఆ అనుమానం బయటివాళ్ళ నుంచి వచ్చేదాకా మనం ఆగకూడదు.

మా ప్రతిజ్ఞలు

1. డేటా చూడకముందే పరికల్పన, శాంపిల్, కొలతలు, లెక్కించే పద్ధతి రాసి, తేదీతో సహా బహిరంగంగా నమోదు చేస్తాం. మందుల పరీక్షలకు మన దేశంలో ఈ నియమం 2009 నుంచి తప్పనిసరి. మనసుకు చేసే చికిత్సల పరీక్షలకు అంతకన్నా తక్కువ కట్టుబాటు సరిపోదు.

2. శాంపిల్ అంత ఎందుకో కారణం చెబుతాం. ఒక్క విభాగానికి అంతమంది దొరకకపోతే నాలుగైదు విశ్వవిద్యాలయాలు కలిసి ఒకే ప్రయోగం చేస్తాం.

3. ముందే ఊహించి పరీక్షించినది వేరుగా, డేటాలో వెతుకుతూ కనుగొన్నది వేరుగా రాస్తాం. వెతకడం గౌరవమైన పనే. దాన్ని రుజువుగా చూపించడమే తప్పు.

4. పి-విలువ ఒక్కటే ఎక్కడా ఇవ్వం. ప్రభావం ఎంత, దాని విశ్వాస అంతరం ఎంత, నిత్యజీవితంలో దానికి అర్థం ఏమిటి అన్నవి ముందు చెబుతాం.

5. చేసిన ప్రతి పరీక్షనూ లెక్కలో చూపిస్తాం. బహుళ పరీక్షలకు సవరణ చేస్తాం.

6. మూడు ఎలుకల నుంచి తీసిన మూడు వందల న్యూరాన్లను మూడు వందల స్వతంత్ర పరిశీలనలుగా, ఒకే తరగతిలోని నలభై మంది పిల్లలను ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్ళుగా లెక్కించం. గుంపుల్లో ఉన్న డేటాకు ఆ నిర్మాణాన్ని గుర్తించే పద్ధతులు వాడతాం.

7. పరాయి దేశంలో తయారైన ప్రశ్నావళిని తెలుగులోకి మార్చినంత మాత్రాన అది కొలమానం అయిపోదు. మన పల్లెల్లో, బస్తీల్లో, చదువు తక్కువైనవాళ్ళలో అది అదే సంగతిని కొలుస్తోందా అని పరీక్షించాకే వాడతాం. సైకాలజీ శాంపిళ్ళలో 96 శాతం ప్రపంచ జనాభాలో 12 శాతం ఉన్న దేశాల నుంచే వస్తున్నాయని 2008లో జెఫ్రీ ఆర్నెట్ చూపించారు. హైదరాబాద్ ఐఐఐటీ 100 మంది భారతీయుల స్కాన్లతో మెదడు అట్లాస్ తయారుచేసింది. ఇలాంటి పని ఇంకా చాలా జరగాలి.

8. పాల్గొన్నవాళ్ళ గుర్తింపును కాపాడుతూ డేటానూ, లెక్కించిన కోడ్‌నూ అందరికీ అందుబాటులో పెడతాం. ఆర్, జాస్ప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి డబ్బు సాకు చెల్లదు.

9. ప్రభావం కనబడకపోయినా ప్రచురిస్తాం. ఇతరుల పనిని మళ్ళీ చేసి చూడడాన్ని అసలు పరిశోధనతో సమానంగా గౌరవిస్తాం.

మా డిమాండ్లు

గైడ్లు: మీ స్కాలర్ తెచ్చిన ఫలితాన్ని బట్టి కాక, వేసిన ప్రశ్ననూ పాటించిన పద్ధతినీ బట్టి అతని పనిని తూచండి. ‘సిగ్నిఫికెంట్ రాలేదు’ అని చెప్పడానికి భయపడే విద్యార్థి మీ గదిలో ఉండకూడదు.

విశ్వవిద్యాలయాలు: ఎం.ఏ. సైకాలజీలో గణాంకాలను సూత్రాలు బట్టీపట్టే పేపరుగా నడపడం ఆపండి. అసలైన డేటాతో, అసలైన తప్పులతో నేర్పండి. సినాప్సిస్ దశలోనే నమోదు పత్రాన్ని అడగండి. వైవాలో ఒక గణాంక నిపుణుణ్ణి కూర్చోబెట్టండి. పీహెచ్.డీ.కి ముందే వ్యాసాలు అచ్చువేయాలన్న నిబంధనను యూజీసీ 2022లో తొలగించింది. ఆ వెసులుబాటుతో దొరికిన సమయాన్ని మంచి శాంపిల్ సేకరించడానికి ఇవ్వండి.

పత్రికల సంపాదకులు: రిజిస్టర్డ్ రిపోర్టులకు చోటివ్వండి. ప్రశ్న ముఖ్యమైనదైతే, పద్ధతి గట్టిదైతే, ఫలితం రాకముందే ప్రచురణకు మాట ఇవ్వండి.

నిధులిచ్చే సంస్థలు: పది చిన్న ప్రాజెక్టుల బదులు పది విశ్వవిద్యాలయాలు కలిసి చేసే ఒక పెద్ద ప్రాజెక్టుకు డబ్బివ్వండి.

తెలుగు పత్రికలు, టీవీలు: ‘శాస్త్రవేత్తలు తేల్చారు’ అని రాసేముందు ఎంతమంది మీద, ఎంత తేడా, ఇంకెవరైనా మళ్ళీ చేసి చూశారా అని అడగండి. మూడు ప్రశ్నలే.

మా హద్దులు

ఎవరి పేరూ బజారుకెక్కించడం మా పని కాదు. పాత థీసిసులు తవ్వి మనుషులను శిక్షించాలని మేము కోరం. విమర్శ పద్ధతి మీద, అంకె మీద ఉంటుంది. మా సొంత పనికి కూడా ఇవే నియమాలు వర్తిస్తాయి. మా లెక్క ఎవరైనా తప్పని చూపిస్తే బహిరంగంగా దిద్దుకుంటాం.

సైకాలజీ మొత్తం కూలిపోయిందనే నిరాశతో కూడా మేము ఏకీభవించం. 2014లో 36 చోట్ల 6 వేల మందికి పైగా పాల్గొన్న బృహత్ అధ్యయనంలో 13 ప్రభావాలను మళ్ళీ పరీక్షిస్తే 10 నిలబడ్డాయి. నిలిచేవి ఉన్నాయి. ఏవి నిలుస్తాయో తెలుసుకునే దారి ఉంది. ఆ దారిలో నడవడానికి ఖర్చుకన్నా ముందు ఒప్పందం కావాలి.

మీరు స్కాలర్ అయితే మీ తర్వాతి ప్రయోగాన్ని డేటా తీసుకోకముందే నమోదు చేయండి. అధ్యాపకులైతే ఈ తొమ్మిది ప్రతిజ్ఞలను మీ తరగతి గోడమీద అంటించండి. గణాంకశాస్త్రం చదివినవాళ్ళయితే పక్క విభాగంలోని సైకాలజీ విద్యార్థికి ఒక సాయంత్రం ఇవ్వండి. తల్లిదండ్రులైతే, రోగులైతే, మీ మనసు గురించి మీకు మాట చెప్పేవాళ్ళను లెక్క అడగండి. మాతో చేరండి.